డెబ్బై పైసలు, రెండు రూపాయలు

బ్యాంకుకు మనం కట్టే వడ్డీ డెబ్బై పైసలు, బయట ఇస్తే మనకొచ్చేది రెండు రూపాయలు, మధ్యలో రూపాయి ముప్పై పైసలు ఊరకనే మిగులుతుంది కదా అన్న మాట మా ఇంట్లో 2020 వేసవిలో పడింది. అన్నది మా బావగారు, మావారికి సొంత అన్న. ఇన్నేళ్లయినా ఆ మాట గుర్తొస్తే నాకు కడుపు మండుతుంది. లెక్క తప్పయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. కాగితం మీద అది ముమ్మాటికీ ఒప్పే. ఇంట్లో మనిషికి జబ్బు చేయడం, బయట ఇచ్చిన డబ్బు అడిగిన రోజున రాకపోవడం, రెండూ ఒకేసారి జరగవచ్చన్న సంగతికి మాత్రం ఆ కాగితంలో చోటు లేదు.

సూళ్లూరుపేటలో ఆ ఏడాది ఎట్లా గడిచిందో ఇక్కడున్న వాళ్లకు చెప్పక్కర్లేదు. చెన్నై వైపు పోయే లోకల్ రైళ్లు మార్చిలో ఆగిపోయాయి. మావారు పనిచేసేది గుమ్మిడిపూండిలో. రైలు లేదు, రోడ్డున పోదామంటే తడ దాటాక తమిళనాడు పాస్ కావాలి. నేను శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను, అదీ మూత. షార్‌లో రాకెట్ పోతుందంటే మా ఊళ్లో లాడ్జీలు, ఆటోలు, టిఫిను సెంటర్లు అన్నీ కళకళలాడతాయి. 2019 డిసెంబర్ 11న పీఎస్ఎల్వీ-సీ48 వెళ్లాక మళ్లీ 2020 నవంబర్ 7న సీ49 వెళ్లిందాకా శ్రీహరికోట నుంచి ఒక్క ప్రయోగం లేదు. ఊళ్లో ఎవరి చేతిలోనూ దుడ్లు ఆడలేదు.

మార్చి 27న రిజర్వు బ్యాంకు మూడు నెలల మారటోరియం ప్రకటించింది. మే 22న దాన్ని ఆగస్టు నెలాఖరు దాకా పొడిగించింది. మొదటి ప్రకటన రాగానే బావగారు ఫోన్ చేసి, "ఏందమ్మా, కట్టొద్దని రిజర్వు బ్యాంకే చెప్తా ఉంటే నువ్వు కడతానంటావా?" అన్నారు. మా ఇంటి అప్పుకు మార్చి కంతు అప్పటికే అకౌంట్‌లోంచి పోయింది. అర్జీ పెడితే దాన్ని కూడా వెనక్కి వేస్తారట, వేయించుకోమన్నారు. వేయించుకున్నాం. అన్న మాట మావారు కాదనలేరు.

మేం నిజంగా కట్టలేని స్థితిలో ఉన్నామా? అప్పటి నా లెక్కల పుస్తకం ఇంకా ఉంది. నాకు సగం జీతం, 13,000. మావారికి బేసిక్ మాత్రమే, 21,000. మొత్తం 34,000. ఇంటి కంతు 19,578 పోతే 14,422 మిగులుతుంది. అత్తమ్మ మందులతో కలిపి ఇంటి ఖర్చు పన్నెండు వేలు. లాక్‌డౌన్‌లో బయటికి పోయింది లేదు, పెట్రోలు కొట్టించింది లేదు. ఇంకా రెండు వేల నాలుగు వందలు మిగులు. ఈ పేజీ నేను మావారికి చూపించాను. ఆయన చూశారు, తల ఊపారు, సాయంత్రం అన్నతో మాట్లాడి మారటోరియానికే సరేనన్నారు. మారటోరియం చెడ్డదని నేననడం లేదు. బండి కదలని ఆటో ఆయనకు, జీతం పూర్తిగా ఆగిన లాడ్జీ కుర్రాడికి అది ప్రాణం నిలిపింది. జబ్బున్న వాడికి పనిచేసే మందును బలానికని మనం మింగాం, అదీ నా బాధ.

ఆ ఆరు నెలల లెక్క నిదానంగా చెబుతాను, ఎందుకంటే బ్యాంకు కాగితాల్లో ఇది ఎవరికీ ఒకచోట కనపడదు. 2020 మార్చి 1 నాటికి మా బాకీ 20 లక్షలు. వడ్డీ 8.4 శాతం, అంటే నూటికి నెలకు డెబ్బై పైసలు. మిగిలిన కంతులు 180. తర్వాత రేట్లు తగ్గాయి, పెరిగాయి, అవన్నీ కలిపితే అసలు విషయం కనపడదు కాబట్టి 8.4నే పట్టుకుని లెక్క వేస్తున్నాను. ఆరు నెలలు కట్టకపోతే మన చేతిలో మిగిలేది 1,17,468. అదే ఆరు నెలల్లో వడ్డీ అసలుకు చేరి బాకీ 20,85,484 అవుతుంది. కంతు మార్చకుండా అదే 19,578 కడుతూ పోతే 180 కంతులతో తీరాల్సిన అప్పు 196 కంతులు దాటుతుంది. మొదట కట్టాల్సింది మొత్తం 35,24,040. ఇప్పుడు కట్టేది 38,42,000 పైచిలుకు. తేడా మూడు లక్షల పద్దెనిమిది వేలు. 2035 ఫిబ్రవరిలో తీరాల్సింది 2036 చివరికి పోతుంది. ఆరు మానేసినందుకు ఆ ఆరూ కట్టి, పైన పదహారు కట్టాలి.

ఇది బ్యాంకు మోసం కాదు. వాళ్లు వేసింది అదే డెబ్బై పైసలు. మనం ఏమీ అడగకపోతే వాళ్లు కంతు పెంచరు, గడువు పెంచుతారు, అంతే. నేను సెప్టెంబర్ మొదట్లోనే బ్యాంకుకు పోయి కంతు పెంచమని లెటర్ ఇచ్చాను. గడువు పాత 2035 ఫిబ్రవరిలోనే ఉండాలంటే కంతు ఎంత కావాలి? 20,768. అంటే నెలకు 1,190 ఎక్కువ. ఆ 1,190 కడితే మొత్తం అదనపు భారం 3,18,000 నుంచి 89,592కి దిగుతుంది. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి, "అందరూ తగ్గించమని వస్తుంటే మీరు పెంచమంటారేంటి మేడమ్" అంది. ఆ 1,190 నా జీతంలోంచి పోతోంది, ఈ నెల కూడా పోయింది. మా ఇంట్లో కరోనా కాలంలో తీసుకున్న డబ్బు నిర్ణయాల్లో సరైనది ఇదొక్కటేనని నేను గట్టిగా నమ్ముతాను. అప్పుడు మారటోరియం వాడుకుని గడువు పెరిగిన వాళ్లు ఇప్పుడైనా బ్యాంకుకు పోయి కంతు కొంచెం పెంచమని అడగొచ్చు. ఎంత ముందు పెంచితే అంత మిగులు.

2020 నవంబర్ 5 లోపు ప్రభుత్వం వడ్డీ మీద వడ్డీని వెనక్కి వేసింది, రెండు కోట్ల లోపు అప్పులకు. బావగారు అప్పుడు కూడా ఫోన్ చేసి, "చూశావామ్మా, నేను చెప్పలా, వడ్డీ మాఫీ అయింది" అన్నారు. మాకు పడింది 1,484 రూపాయలు. ఆరు నెలల చక్రవడ్డీ 85,484కీ బారువడ్డీ 84,000కీ ఉన్న తేడా అది. అసలు వడ్డీ 84,000 అలాగే ఉంది. పైగా ఫిబ్రవరి 29 నాటి బాకీ మీద లెక్కగట్టి, మారటోరియం వాడుకోకుండా కంతులు కట్టిన వాళ్లకూ వేశారు. కట్టి ఉన్నా అది వచ్చేదే.

సరే, మిగిలిన 1,17,468 ఏమైంది? అందులో లక్ష ఆగస్టు చివర్లో బావగారికి తెలిసిన ఒక ట్రావెల్స్ ఆయనకు నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చాం. ప్రోనోటు రాయించుకున్నాం. నెలకు రెండు వేలు. అందులో మన డెబ్బై పైసలు, అంటే ఏడు వందలు తీసేస్తే పదమూడు వందలు లాభం. మూడు నెలలు వడ్డీ వచ్చింది, ఆరు వేలు. నాలుగో నెల నుంచి రాలేదు. ఆయన మోసగాడు కాదు. బండ్లు కదల్లేదు, ఫైనాన్స్ వాళ్ల కంతులు ఆయనకూ ఉన్నాయి. అంత గడ్డుకాలంలో రెండు రూపాయలకు అప్పు తెచ్చుకుంటున్నాడంటే, ముప్పావలాకు ఇచ్చేవాళ్లు ఆయనకు లేకనే కదా. కాలం ఇంకా చెడితే మొదట చెడేది ఆయన పరిస్థితే, అదే కాలంలో మనకూ డబ్బు అవసరం పడుతుంది. నేను ఇది అప్పుడే అన్నాను. "బంగారం లాంటి మనిషమ్మా" అని జవాబొచ్చింది. మనిషి మంచివాడా కాదా అని నేను అడగనేలేదు.

అదే నెలల్లో ఇంకొకటి జరిగింది, డబ్బు కంటే అది నన్ను ఎక్కువ కాల్చింది. 2020 జులై 10 నుంచి కరోనా కవచ్ పాలసీలు వచ్చాయి. అత్తమ్మకు అప్పుడు అరవై రెండేళ్లు, అరవై అయిదు దాకా ఇచ్చేవారు. తొమ్మిదిన్నర నెలల పాలసీ తీసుకుందామన్నాను. ప్రీమియం మా ఒక నెల కంతు కంటే చాలా తక్కువ. "ఇంట్లో పెద్దావిడ బాగుంటే రోగం పేరుతో పాలసీ ఏంది, అపశకునం" అన్నారు బావగారు. అత్తమ్మ కూడా ఆ మాటకు జంకింది. ఆగస్టు మొదట్లో తీసుకుని ఉంటే అది 2021 మే రెండో వారం దాకా ఉండేది. అత్తమ్మకు ఆయాసం మొదలైంది మే మొదటి వారంలో.

ఆ వారంలోనే, మే 5 నుంచి, రాష్ట్రంలో మధ్యాహ్నం 12 నుంచి కర్ఫ్యూ. అత్తమ్మ ఆక్సిజన్ 88కి పడిపోయిందని మేం చూసుకున్నది సాయంత్రం. ఆస్పత్రి వాళ్లు ముందు డబ్బు కట్టమన్నారు. బావగారు ట్రావెల్స్ ఆయనకు ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. నిజానికి ఎత్తి ఉన్నా ఆయన దగ్గర లేదు. నా గాజులు, మా అమ్మ పెట్టిన హారం తీసుకుని మావారు తెలిసిన తాకట్టు కొట్టాయన ఇంటికి పోయారు. లక్షా యాభై వేలు, వడ్డీ రెండు రూపాయలు. రెండు రూపాయలకు ఇచ్చింది వెనక్కి రాక, రెండు రూపాయలకు తెచ్చుకున్నాం. అత్తమ్మ బతికింది, అంతకంటే ఏం కావాలి. కానీ నగలు విడిపించేసరికి తొమ్మిది నెలలు పట్టింది, నెలకు మూడు వేల చొప్పున 27,000 వడ్డీ. అదే బంగారం పొద్దున పూట బ్యాంకులో ముప్పావలా వడ్డీకి పెట్టగలిగి ఉంటే 10,125 అయ్యేది. పీఎఫ్‌లో కరోనా అడ్వాన్సు కూడా ఉండింది, కానీ అది ఆ రాత్రికి రాదు.

ఇక ప్రోనోటు సంగతి. వడ్డీ ఇచ్చిన మూడు సార్లూ నోటు వెనక చెల్లు రాయించమని నేను అడిగితే, "అయినవాళ్ల దగ్గర అవన్నీ ఎందుకు" అన్నారు బావగారు. 2023 ఆగస్టు దాటగానే ట్రావెల్స్ ఆయన తరఫున కబురొచ్చింది, నోటుకు మూడేళ్లు నిండాయి, కాలదోషం పట్టింది, ఇక కోర్టుకు పోయినా లాభం లేదని. బావగారు కూడా పెదవి విరిచారు. నేను ఒప్పుకోలేదు. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని గడువు లెక్కలోంచి తీసేయాలని సుప్రీంకోర్టు 2022 జనవరి 10న ఆదేశం ఇచ్చింది. మా నోటు పుట్టిందే ఆ కాలంలో. అంటే మూడేళ్లు మొదలయ్యేది 2022 మార్చి 1న, ముగిసేది 2025 ఫిబ్రవరి చివర్లో. లాయరు గారు కాగితాలు చూసి అవునన్నారు. 2024లో నోటీసు పంపాం. అక్టోబర్‌లో పెద్దమనుషుల ముందు ఎనభై వేలకు రాజీ అయింది. బావగారు ఆ పంచాయితీలో ఉన్నారు, ఒక్క మాట మాట్లాడలేదు.

లక్షకు వెనక్కి వచ్చింది 86,000, పోయింది 14,000. తాకట్టు వడ్డీ 27,000. 2035 దాకా సాగే అదనపు కంతుల భారం 89,592. కూడితే 1,30,592. ఆరు నెలలు కట్టకుండా మిగిల్చామనుకున్నది 1,17,468. నేను ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి మావారికి చూపించాను. ఆయన చాలాసేపు ఆ పేజీ చూసి, "అన్న మనకు చెడు కోరి చెప్పలా" అన్నారు. నాకూ తెలుసు. ఇళ్లలో సలహా చెప్పిన మనిషి ప్రేమను చూసి సలహాకు మార్కులు వేస్తాం, కోడలు వేసిన కూడికను కోడలి మాటగానే చూస్తాం. బావగారి మీద కంటే ఆ అలవాటు మీదే నా కోపం.

ఇప్పుడు మా ఇంట్లో లక్షా పాతిక వేలు, అంటే మా ఆరు కంతులంత, ఫిక్స్‌డ్ డిపాజిట్లలో ఉంటుంది. ఒకటిగా కాదు, పాతిక వేలవి అయిదు. ఒకటి విరిస్తే మిగతా నాలుగింటి వడ్డీ పోదు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు చెన్నై రైళ్లు ఆగిపోయి, ఇంట్లోకి నీళ్లొచ్చి ఫ్రిజ్, మోటారు పాడైతే ఫోన్‌లోనే ఒకటి విరిచాను. పదినిమిషాల్లో డబ్బు అకౌంట్‌లో పడింది. ముందే తీసినందుకు వడ్డీలో కాస్త కోత పడింది. ఏడాదికి ఒకసారి కట్టే 436 రూపాయల జీవనజ్యోతి బీమా ఇద్దరికీ ఉంది. ఆరోగ్య పాలసీ అత్తమ్మకు విడిగా ఉంది, ప్రీమియం ఎక్కువే, కడుతున్నాం.

రాజీలో వచ్చిన ఎనభై వేలను మళ్లీ బయట తిప్పుదామని, ఇప్పుడు రెండున్నర రూపాయలు ఇచ్చేవాళ్లున్నారని బావగారు అన్నారు. ఈసారి మావారు కాదు, అత్తమ్మే అడ్డుపడింది. తన పేరున బ్యాంకులో వేయమంది, పెద్దవాళ్లకు అర శాతం ఎక్కువిస్తారని ఎవరో చెప్పారట. నేనే తోడు వెళ్లాను. ఫారం నింపుతూ నామినీగా ఏ కొడుకు పేరు రాయమంటారని బ్యాంకాయన అడిగితే, అత్తమ్మ నా పేరు చెప్పింది.