రెండు సీట్ల బేరం

మా బావ మూడేళ్ల కిందట హైదరాబాద్ నుంచి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తెచ్చాడు. సెకండ్ హ్యాండే. 'కొత్తదాంట్లో సగం ధర కూడా కాదు' అని మురిసిపోయాడు. తక్కువపడిన సొమ్ము కోసం అక్క గాజులు తాకట్టుకెళ్లాయి.

కంకిపాడు దాటి కాలవగట్టు ఎక్కితే చాలు, స్పీడ్‌బ్రేకర్లకు కారు పొట్ట గీసుకునేది. పిల్లలు ఎక్కాలంటే అక్క దిగాలి.

చివరికి అమ్మేద్దామని విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లాం. లారీలనే విప్పి బిగించే మేస్త్రీ చుట్టూ తిరిగి చూసి, 'హెడ్‌లైట్ పగిలితే ఎక్కణ్నుంచి తేవాలండీ?' అన్నాడు. బీమావాళ్లు కొత్త ధరలోంచి రెండో ఏట 20 శాతం, ఐదో ఏట 50 శాతం తగ్గించి బండికి విలువ కడతారు. బజార్లో ఆ లెక్క చెల్లదు. కొనేవాడుంటేనే ధర!

అదే షెడ్డులో మావయ్యగారు 1990లో కొన్న యమహా ఆర్ఎక్స్ 100 ఉంది. దాని తయారీ 1996లోనే ఆగిపోయింది. అదీ అరుదైన బండే. కానీ దాని ఇంజిన్ విప్పడం ఏ ఊరి మెకానిక్‌కైనా వచ్చు. ఆ చప్పుడు వింటూ పెరిగిన కుర్రాళ్లు ఇప్పుడు సంపాదనపరులు. ఆయన 20 వేల లోపు పెట్టి కొన్నదానికి ఉయ్యూరు నుంచి వచ్చినాయన 80 వేలిస్తానన్నాడు.

గాజులు వేలానికి రాకముందే అమ్ముడుపోయింది ఆ బండే. మావయ్యగారు ఏమీ అనలేదు. ట్యాంకు ఓసారి తుడిచి, తాళం ఇచ్చేశారు.

కారు ఇంకా షెడ్డులోనే ఉంది, గుడ్డ కప్పుకుని.