మనవడి డబ్బా

మా ఇంట్లోకి ఈమధ్య ఒక డబ్బా వచ్చింది. చూడ్డానికి అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. పసుపుపచ్చ రంగు, ముందువైపు అంకెలు కనబడే చిన్న అద్దం, వెనక చొక్కాకు తగిలించుకునే క్లిప్పు. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన మా వాడు పెట్టె విప్పి సబ్బులూ, సెంట్లూ, ఖర్జూరాలూ అందరికీ పంచి, ఆఖరున దీన్ని తీసి నా చేతిలో పెట్టాడు.

"గిదేందిరా, గడియారమా?" అంది మా అమ్మ.

"కాదు బాపమ్మా, గాలిని చూసే మీటరు."

"గాలి యాడన్న కనబడ్తదా?"

"కనబడదనే తెచ్చిన."

మాది జగిత్యాల జిల్లా బీర్పూర్. గుట్టమీది నరసింహస్వామి పేరు చెబితే మా ఊరు చాలామందికి తెలుస్తుంది. గల్ఫు వెళ్లినవాళ్లు లేని వీధి మా వైపు ఉండదు. మా వాడు అక్కడ ఒక కంపెనీలో అగ్నిప్రమాదాలు చూసుకునే విభాగంలో పని చేస్తాడు. ఆ డబ్బా కొలిచేది కార్బన్ మోనాక్సైడును. బొగ్గు కానివ్వండి, కట్టె కానివ్వండి, డీజిలు కానివ్వండి, గాలి చాలకుండా మండితే పుట్టే వాయువది. రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. రక్తంలో ప్రాణవాయువుకు వేసిన పీట మీద ఇది ఎక్కి కూర్చుంటుంది. దీని పట్టు ప్రాణవాయువు పట్టుకంటే రెండువందల రెట్లు పైమాటే. ముప్పయ్యేళ్లు బళ్లో ఈ పాఠం చెప్పినవాణ్ణి నేను. ఆ సంగతి తర్వాత వస్తుంది.

వచ్చిన రోజే డబ్బా పరువు పోగొట్టుకుంది. హాల్లో ఇన్వర్టరు పక్కన పెడితే, కాసేపటికి కీచుకీచుమని ఇల్లెగిరిపోయేటట్టు అరిచింది. పొయ్యి లేదు, పొగ లేదు. బ్యాటరీ చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుందనీ, దాన్ని చూసి కూడా ఇది పొరపాటు పడుతుందనీ మా వాడు ఎంత చెప్పినా అమ్మ వింటేనా! "పిచ్చి డబ్బ. గాలికే మొత్తుకుంటది" అని తేల్చేసింది. నేనూ నవ్వాను.

అప్పటికి మా అమ్మాయి పురిటికి వచ్చి ఉంది. మగపిల్లవాడు, పన్నెండు రోజుల గుడ్డు. డిసెంబరు చలి. బాలింత గదిలో రాత్రిళ్లు బొగ్గుల కుంపటి పెట్టించడం మా అమ్మ ఏర్పాటు. పిల్లకు రెండు రోజులుగా తలనొప్పి, వాంతి వచ్చేటట్టుంటోందని అంటోంది. నిద్ర చాలక అనుకున్నాం. కరోనా నాడు కొన్న వేలి క్లిప్పు పెట్టి చూస్తే 98 చూపించింది. ఇంకేం, నిశ్చింత! ఆ క్లిప్పుకు ప్రాణవాయువు పట్టిన రక్తానికీ, ఈ విషం పట్టిన రక్తానికీ తేడా తెలియదట. రెండూ దాని కంటికి ఎర్రగానే ఉంటాయి. ఆ మాట మాకు మర్నాడు గాని తెలియలేదు.

ఆ సాయంత్రం గోదావరిఖని నుంచి మా బామ్మర్ది పిల్లవాణ్ణి చూడ్డానికి వచ్చాడు. సింగరేణి భూగర్భ గనిలో చేసి రిటైరయినవాడు. డబ్బా చూడగానే చేతిలోకి తీసుకుని ఆప్యాయంగా తిప్పాడు. లోపల బొగ్గు తనంతట తాను వేడెక్కడం మొదలుపెడితే, మంట కనబడకముందే ఈ అంకె పైకి లేస్తుందట. వెనకటికి బ్రిటనులో కేనరీ పిట్టలను పంజరంలో పెట్టి గనుల్లోకి తీసుకుపోయేవారు. హాల్డేన్ అనే శాస్త్రవేత్త 1890ల్లో చెప్పిన ఉపాయం అది. మనిషి కంటే ముందు పిట్ట తూలిపోయేది. 1986లో గాని వాళ్లు ఆ పిట్టలకు సెలవివ్వలేదు.

"మరి మనం బావిల లాంతరు దించుతం గద?" అన్నాను.

"దీపం ఆరితే ప్రాణవాయువు తక్కువున్నదని ఎరుకైతది. గంతే. ఆయిలింజను ఆడిన బావిల దీపం మంచిగనే మండుతది బావా, మనిషి పడిపోతడు. ఈ డబ్బ సున్నా చూపెట్టిందని కూడ దిగొద్దు. ఇది ఒక్క గాలినే లెక్కవెడ్తది. ప్రాణవాయువు ఉన్నదో లేదో దీనికి తెల్వదు."

మాటల్లో బాలింత గది తలుపు సందులోంచి ఎర్రని వెలుగు కనిపించింది. మా వాడు లేచాడు. "కుంపటా? తలుపేసా?" అన్నాడు. వాడి ముఖం చూసి నాకు కాళ్లలో వణుకు పుట్టింది.

డబ్బా పట్టుకుని లోపలికి ఉరుకుతాడనుకున్నాను. అది చేయలేదు. తలుపు బార్లా తీసి ముందు చెల్లెల్నీ, పిల్లవాణ్ణీ దుప్పట్లు కప్పి హాల్లోకి తెచ్చాడు. "పచ్చి బాలెంతను చలిల పెడ్తవురా?" అని అమ్మ కేకలు. "ముందుగాల మనుషులు బయటికి, అంకె తర్వాత" అన్నాడు. తలుపు మళ్లీ దగ్గరగా వేసి, వాకిట్లో వేపచెట్టు కిందికి పోయి, అక్కడ మీటరు ఆన్ చేసి, సున్నా నిలబడేదాకా ఆగాడు. లోపలే ఆన్ చేస్తే కొన్ని మీటర్లు ఆ చెడ్డగాలినే సున్నా అనుకుంటాయట. మామను బయట నిలబెట్టి, గడప మీదనుంచే మంచం ఎత్తున చెయ్యి చాచాడు. 9. 22. 35 దగ్గర డబ్బా అరిచింది. 68. 104. 131. ఇంకా పెరుగుతూనే ఉంది, వాడు వెనక్కి వచ్చేశాడు. కొంత గాలి బయటికి పోయాక ఉన్న అంకె అది!

"ఎంత దాక పోతదో చూడరాదురా" అన్నాను, బుద్ధిలేక.

"పెరుగుతున్న అంకెను నిలబడి చూడొద్దు బాపూ."

ఆ అంకె పది లక్షల పాళ్ల గాలిలో ఈ విషం ఎన్ని పాళ్లో చెబుతుంది. 400 దగ్గర గంటా రెండు గంటల్లో తల పగులుతుంది. 1600 దగ్గర ఇరవై నిమిషాల్లో తల తిరుగుతుంది, రెండు గంటల్లోపు ప్రాణమే పోవచ్చు. 2020 జనవరిలో నేపాల్ లోని దామన్ లో, గ్యాసు హీటరు పెట్టుకుని తలుపులు బిగించుకు పడుకున్న కేరళ యాత్రికులు ఎనిమిదిమంది, పిల్లలతో సహా, అలాగే పోయారు.

రాత్రికి రాత్రే జగిత్యాల తీసుకుపోయాం. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి తల్లికీ బిడ్డకూ ఆక్సిజన్ పెట్టించింది. మామూలు గాలిలో ఈ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుందనీ, ఆక్సిజన్ తో గంటా గంటన్నర చాలుననీ చెప్పింది. తెల్లవారేసరికి పిల్లవాడు ఆకలికి ఏడ్చాడు. ఏడుపు అంత తియ్యగా ఉంటుందని నాకు తెలియదు.

ఇంటికి వచ్చాక అమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. "నలుగుర్ని గిట్లనే సాదిన గద! అప్పుడు ఎవ్వలకేం గాలె" అంది. నిజమే. అప్పటిది పెంకుటిల్లు. పెంకుల సందుల్లో ఆకాశం కనబడేది. ఇప్పటిది స్లాబు, అద్దాల కిటికీలు. ఉన్న ఒక్క వెంటిలేటర్నీ దోమలొస్తున్నాయని పాతపేపర్లు కుక్కి అట్ట కొట్టినవాడు ఎవరనుకున్నారు? బళ్లో పాఠం చెప్పిన పంతులే. ఆ మాట అమ్మతో చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది. విని ఆమె ఏమీ అనలేదు.

మర్నాడు నిచ్చెన వేసుకుని ఆ అట్ట ఊడబెరికాను. కింద నిచ్చెన పట్టుకున్నది అమ్మే. కుంపటి ఇప్పుడు వాకిట్లో ఉంటోంది. సాంబ్రాణి అక్కడే. గదిలోకి వేణ్ణీళ్ల సంచీ, ఉన్ని దుప్పటీ చేరాయి.

మా వాడు వెళ్లేముందు డబ్బా నాకు అప్పగించి జాగ్రత్తలు చెప్పాడు. లోపలి సెన్సరుకు ఆయుష్షు కొన్నేళ్లే. అద్దంలో అంకె వెలుగుతున్నంత మాత్రాన అది బతికున్నట్టు కాదు, తెలిసిన వాయువు పట్టి పరీక్ష చేయించాలి. స్పిరిటు పెట్టి తుడవకూడదు. తేదీ రాసి గోడకు అంటించాను.

నిన్న రాత్రి పిల్లవాణ్ణి మంచం మీద పడుకోబెట్టబోతే అమ్మ అడ్డం వచ్చింది.

"ఆగు. మనవడి డబ్బ ఏమంటున్నది?"

"సున్నా అంటున్నదమ్మా."

"నాకు సూపెట్టు" అని కళ్లజోడు పెట్టుకుని, తానే చూసి, అప్పుడు దుప్పటి పరిచింది.