పడమటి గోడ

మా ఇల్లు మేమే కట్టుకున్నాం. ఈ మాట అంటే మన క్లాసులో కొందరు "అంటే కట్టించుకున్నారు కదా" అని సరిదిద్దుతారు. కాదు, కట్టుకున్నాం. నాయన మోటార్లు రివైండింగు చేస్తాడు. అమ్మ బట్టలు కుడుతుంది. నేను అప్పుడే సెకండ్ పీయూసీ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. తమ్ముడు తొమ్మిదో క్లాసు. మాలో ఒక్కరికీ తాపీ పట్టుకోవడం రాదు. మీలో ముళబాగిలు బస్సులో వచ్చేవాళ్ళు మా ఇల్లు చూసే ఉంటారు, రోడ్డుకు పక్కనే.

ముప్పై ఇరవై సైటు అది. అడ్వాన్సు తీసుకున్న మేస్త్రీ సైజు రాళ్ళతో పునాది వేసి, మళ్ళీ ఫోను ఎత్తలేదు. ఇంకొకరికి ఇవ్వడానికి డబ్బులు లేవు. "మోటారు విప్పి బిగించేవాడికి గోడ రాదా?" అన్నాడు నాయన. అవ్వ మాత్రం "మోటారు మీద పడుకోం గదరా" అనింది.

తిరుపతిలో మేస్త్రీ పని చేసే పెదనాన్న పదిహేను రోజులు వచ్చి నేర్పించాడు. మూల కుదరాలంటే ఒక పక్క 3 అడుగులు, ఇంకో పక్క 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య కొలిస్తే సరిగ్గా 5 అడుగులు రావాలి. ఎస్సెస్సెల్సీలో పైథాగరస్ అని మార్కుల కోసం బట్టీ పట్టింది ఇదే! గోడ నిటారుగా ఉందా అని తూకం గుండుతో చూడాలి. ఈ చివర, ఆ చివర ఒకే మట్టంలో ఉన్నాయా అని నీళ్ళు నింపిన సన్న పైపుతో చూడాలి. పెదనాన్న పోయాక కట్టిన వంటింటి మూలను మాత్రం నాయన "కంటికి బాగానే ఉందిలే" అని కొలవకుండా వదిలేశాడు. ఇప్పుడక్కడ కడప బండకీ గోడకీ మధ్య రెండు వేళ్ళ సందు. అమ్మ స్పూన్లు సగం అందులోనే ఉన్నాయి.

అమ్మది కన్నడం. మొదటి రోజే ఆమె లోపల్నుంచి "గారె కలసి ఆయ్తా?" అని కేకేసింది. సిమెంటు, ఇసుక కలిపారా అని ఆమె అడగడం. పెదనాన్న తాపీ కింద పెట్టి, చేతులు కడుక్కుని, నీడలో వచ్చి కూర్చున్నాడు. గారెలు వస్తాయని! ఆ సాయంత్రం అమ్మ నిజంగానే మినప్పప్పు నానబెట్టింది.

సిమెంటు దిమ్మెలు ఒక్కొక్కటి 20 కిలోలకు పైనే. నేనూ తమ్ముడూ అందించాం. మోల్డు మాత్రం మా వల్ల కాదు, దానికి కూలీలనీ మిక్సరునీ పిలిచాం. డబ్బులు అయిపోయి గోడల పూత మరుసటి వేసవికి పోయింది. అప్పటికి నేను ఇక్కడ ఫస్టియరు.

అసలు చెప్పాలనుకున్నది ఇది.

బయట గోడలకు నాయన ఒకటికి నాలుగు పాళ్ళు కలిపి పూశాడు. పూసిన గోడ కనీసం ఏడు రోజులు తడి ఆరకూడదు. ఆ పని నాది. పొద్దున, సాయంత్రం సంపులోంచి పైపు పెట్టి కొట్టాలి. మూడు గోడలకూ కొట్టాను. పడమటి గోడ రోడ్డువైపు ఉంది. నేను నాయన పాత చొక్కా వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, కాళ్ళకు బురదతో ఉంటాను. సరిగ్గా ఆ టైముకే మన వాళ్ళ బస్సు. నాలుగు రోజులు ఆ వైపు పోలేదు. మధ్యాహ్నం నుంచీ ఎండంతా ఆ గోడ మీదే.

"పడమటి గోడకు కొట్టినావా మే?"

"కొట్టినా నాయనా."

రెండు వారాలకి ఆ గోడ నిండా సన్నటి పగుళ్ళు, ఎండిన చెరువు అడుగులాగా. వేలి కణుపులతో తడితే కొన్నిచోట్ల డొల్లగా మోగింది. నాయన గోడంతా తట్టి చూసి, "నా కలపడంలోనే ఏదో తప్పయింది, నేను మేస్త్రీని కాదు గదా" అన్నాడు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళకి కూడా తనే ముందుగా ఆ గోడ చూపించి అదే చెప్పాడు. ఎవరో నవ్వారు. నేను పక్కనే కాఫీ గ్లాసులు అందిస్తున్నాను.

అమ్మకి తెలుసట. మొన్న బట్టలు మడతపెడుతూ అనింది, "ఆ నాల్కు దిన సంపల్లి నీరు ఇళిదే ఇరలిల్ల." సంపులో నీళ్ళు దిగాల్సినంత దిగలేదని ఆమె ఆ రోజే చూసింది. ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదంటే, "నీనే హేళ్తీయ అంత" అనింది. నువ్వే చెబుతావని.

ఇప్పుడు నాయన ఆ గోడ గీకేసి మళ్ళీ పూస్తానంటున్నాడు. పోయినసారి సిమెంటు తక్కువైందని ఆయన లెక్క, అందుకే ఈసారి ఒకటికి మూడు కలుపుతాడట. సిమెంటు ఎక్కువైతే పగుళ్ళు ఇంకా ఎక్కువ వస్తాయని పెదనాన్న నాకు చెప్పాడు. అంటే నేను నోరు తెరవకపోతే, లేని తప్పును దిద్దబోయి నాయన నిజంగానే తప్పు చేస్తాడు.

బస్తాలు శనివారం వస్తాయి. శుక్రవారం రాత్రి నాయన అంగడి మూసి తొమ్మిదింటికి ఇంటికొస్తాడు.