ఖాకీ బట్టలు వేసుకునే ముందు

మన హాస్టల్లో ఎవరిని అడిగినా పెద్దయ్యాక పోలీసు అవుతానంటారు. పోలీసు అంటే టోపీ, లాఠీ, బండి గుర్తొస్తాయి గానీ చేరిన కొత్తలో ఏముంటుందో ఎవరికీ తెలియదు. మా దాదా (గోండిలో అన్నను అట్లనే పిలుస్తాం) 2022 నోటిఫికేషన్లో సివిల్ కానిస్టేబుల్‌గా సెలెక్టయి, 2024లో తొమ్మిది నెలల ట్రైనింగు చేసి వచ్చాడు. ఆయనను సెలవుల్లో అడిగి అడిగి విసిగించి తెలుసుకున్నవి రాస్తున్నాను.

ముందు దేహ పరీక్షలు. మగవాళ్ళు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలి, 4 మీటర్లు దూకాలి, 7.26 కిలోల గుండు 6 మీటర్లు వేయాలి. ఆడపిల్లలకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. ఎత్తు మామూలుగా 167.6 సెంటీమీటర్లు ఉండాలి, ఏజెన్సీ గిరిజనులకు 160 చాలు. ఇవన్నీ 2022 లెక్కలు, మళ్ళీ మారొచ్చు. ఉరుకుడు మనకు కొత్త కాదు. మనోళ్ళు పోయేది గుండు దగ్గరే అన్నాడు దాదా. చేనులో పిట్టలను కొట్టినట్టు విసిరితే భుజం పడుతుంది. గుండును మెడకు ఆనించి ముందుకు తొయ్యాలి.

ట్రైనింగు సగం మన హాస్టలే. తెల్లారక ముందే విజిల్, ఫాలిన్, పీటీ, పరేడు, ట్రంకు పెట్టె, ప్లేటు పట్టుకొని మెస్సు దగ్గర లైను. సావధాన్, విశ్రామ్ కూడా మనకు ప్రార్థనలోనే వచ్చు. పట్నం పిల్లలు మొదటి వారం ఇల్లు తలుచుకొని ఏడ్చారట, దాదా మాత్రం నిద్రపోయాడు. ఆయనను ఏడిపించింది బూట్లు. చిన్నప్పటి నుంచి చెప్పులు కూడా సరిగ్గా ఎరగని కాళ్ళు కదా, మడమలు పుండ్లయ్యాయి. ఒకడు తప్పు చేస్తే ప్లాటూన్ మొత్తానికి పనిష్మెంటు. అది కూడా మనకు కొత్త కాదు (వార్డెన్ సారు క్షమించాలి).

అసలు కష్టం క్లాసులో ఉంది. పొద్దంతా ఎండలో తిరిగి వచ్చి చట్టాలు వింటుంటే కళ్ళు మూతలు పడతాయి. పైగా ట్రైనింగు మధ్యలోనే, 2024 జూలై 1న, పాత చట్టాలు పోయి కొత్తవి వచ్చాయి. సినిమాల్లో మనం విన్న 302 ఇప్పుడు 103. దొంగతనం 379 ఉండేది, 303 అయింది. దాదా రెండు నోటుబుక్కులు రాశాడు, నేను చదివాను. ఫిర్యాదు ఇచ్చిన మనిషికి ఎఫ్ఐఆర్ కాపీ పైసా తీసుకోకుండా ఇవ్వాలి. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి. పట్టుకున్న మనిషిని, దారిలో పట్టే టైం కాకుండా, 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందుకు తేవాలి. ఈ మూడు ముక్కలు మా బాపుకు తెలియవు, మా గూడెంలో ఎవరికీ తెలియవు. పోలీసు అయితే గానీ ఇవి మనకు తెలియకపోవడం నాకు బాగా అనిపించలేదు.

ఇంట్లో సంతోషపడనిది మా నాయనమ్మ ఒక్కతే. 1981 ఏప్రిల్ 20న, సోమవారం సంత రోజు, ఇంద్రవెల్లిలో గోండులు భూముల కోసం సభ పెట్టుకుంటే పోలీసులు కాల్చారు. సర్కారు లెక్క 13 మంది. ఊళ్ళవాళ్ళ లెక్క దానికి ఎన్నో రెట్లు. నాయనమ్మకు అప్పుడు కొత్తగా పెళ్ళయింది. ఇప్పటికీ ఖాకీ కనిపిస్తే లోపలికి పోతుంది. దాదా డ్రెస్సు తీసేసి లుంగీ కట్టుకున్నాకే పక్కన కూర్చుంది.

"రేపు నిన్ను కూడా కాల్చమంటరు. కాలుస్తవా?" అని అడిగింది.

దాదా క్లాసులో చెప్పింది చెప్పాడు. ఊరికే కాల్చరాదు, జనం గుమిగూడితే ముందు చెదిరిపొమ్మని ఆర్డర్ చెప్పాలి అని.

"ఆ చెప్పేది ఏ భాషల చెప్తరు?"

దాదా దగ్గర జవాబు లేదు. నోటుబుక్కులో కూడా లేదు, నేను వెతికాను. కాసేపటికి, "నేనుంటే గోండిల చెప్తా" అన్నాడు. నాయనమ్మ ఒప్పుకోలేదు, కాదని కూడా అనలేదు. లేచి జొన్న రొట్టె పెట్టింది.

దాదా స్టేషన్లో గోండి వచ్చినవాడు తనొక్కడే. తెలుగు రాని ముసలమ్మలు వస్తే డ్యూటీ లేని రోజు కూడా పిలుస్తారట.

నా ఎత్తు ఇప్పుడు 157. ఇంటర్ అయ్యేలోపు ఇంకో మూడు పెరగాలి. రోజూ ప్రార్థనకు ముందు గ్రౌండు చుట్టూ ఉరుకుతున్నాను, వచ్చేవాళ్ళు రావచ్చు. మన స్టోర్‌రూంలో తుప్పు పట్టిన గుండు ఒకటి ఉంది. పీఈటీ సారు తాళం ఇస్తే బాగుంటుంది.