పెద్ద బూర పుట్టిల్లు

రాజుపాలెం మండలం వెల్లాలలో సంజీవరాయుడి ఉత్సవాలకో, ప్రొద్దుటూరు దసరా ఊరేగింపుకో వెళ్ళినవాళ్ళకి బ్యాండుమేళం కొత్తేమీ కాదు. పాటందుకునే క్లారినెట్టు మీదా, ట్రంపెట్టు మీదే అందరి చూపూ ఉంటుంది. వెనక వరసలో బుగ్గలు పూరించి 'బొం... బొం...' అనిపించే పెద్ద బూరను ఎవరూ పట్టించుకోరు. అది ఉందని కూడా చాలామందికి తెలీదు. ఆగిపోతే మాత్రం పాట బోసిపోయిందని ఇట్టే తెలిసిపోతుంది!

ఆ పెద్ద బూరకు పీట వేసి కూర్చోబెట్టిన ఊరొకటి ఇంగ్లండులో ఉంది. పేరు క్వీన్స్‌బరీ.

మిల్లు నీడలో మేళం

యార్క్‌షైర్‌లో బ్రాడ్‌ఫర్డ్, హాలిఫాక్స్ పట్టణాల మధ్య గుట్ట మీద ఉంటుందీ ఊరు. వేసవిలో కూడా చలిగాలి వదలదు. ఎటు చూసినా నల్లబడిన రాతి గోడలు, వాటి మధ్య ఆకాశాన్నంటే మిల్లు పొగగొట్టం. అదే బ్లాక్ డైక్ మిల్లు. జాన్ ఫోస్టర్ అనే వ్యాపారి కట్టించాడు. ఉన్నితో, అల్పాకా బొచ్చుతో ఇక్కడ నేసిన బట్ట దేశదేశాలకు వెళ్ళేది. మగ్గం చప్పుడు మధ్య పెరిగిన జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వాళ్ళకి ఈ ఊరు పరాయిదనిపించదు.

ఫోస్టర్‌కు సంగీతమంటే ప్రాణం. స్వయంగా ఫ్రెంచి హార్న్ వాయించేవాడు. ఊళ్ళోని పాత బ్యాండును 1855లో మిల్లు పంచన చేర్చుకున్నాడు. వాయిద్యాలు కొనిచ్చాడు, తన మిల్లు బట్టతోనే దుస్తులు కుట్టించాడు. పగలంతా మిల్లులో పని, సాయంత్రం బూర సాధన... అలా మొదలైన బ్లాక్ డైక్ బ్యాండు ప్రపంచంలోనే పేరుమోసింది. 1968లో బీటిల్స్ వాళ్ళ ఆపిల్ కంపెనీ కోసం పాల్ మెకార్ట్‌నీ రాసిన బాణీని రికార్డు చేసిందీ వీళ్ళే!

తొమ్మిది సెంటీమీటర్ల తంటా

ఇలాంటి బ్యాండులో ట్యూబాలు నాలుగు ఉంటాయి. రెండు బీ-ఫ్లాట్, రెండు ఈ-ఫ్లాట్. ఇక్కడి వాళ్ళు 'ట్యూబా' అనరు, 'బాస్' అంటారు. మేళం మొత్తానికీ ఇదే పునాది. పునాది శ్రుతి తప్పితే పైన ఎంత బాగా వాయించినా అపశ్రుతే.

తిప్పలంతా అక్కడే వచ్చింది. ట్యూబా అంటే చుట్టలు చుట్టిన గొట్టం. ఈ-ఫ్లాట్ ట్యూబా చుట్టలు విప్పి పరిస్తే సుమారు 4 మీటర్లు. వాల్వు నొక్కితే గాలి ఇంకో ముక్క గొట్టం కూడా చుట్టి వస్తుంది, స్వరం కిందికి దిగుతుంది. మొదటి వాల్వు ముక్క దాదాపు అర మీటరు, మూడోదానిది ముప్పావు మీటరు. రెండూ కలిపి నొక్కితే 125 సెంటీమీటర్లు. కానీ రావలసిన స్వరానికి 134 కావాలి! గొట్టం పొడవు పెరిగేకొద్దీ ఒక్కో మెట్టు దిగడానికి ఇంకా ఎక్కువ ముక్క కావాలి మరి. ఆ 9 సెంటీమీటర్ల లోటుతో స్వరం పైకి ఎగదన్నుతుంది. వాయించేవాడు పెదవులతో దాన్ని కిందికి లాగాలి.

లండన్‌లోని బూసీ కంపెనీలో పనిచేసిన డేవిడ్ బ్లెయిక్లీ 1874లో దీనికి విరుగుడు కనిపెట్టాడు. అదే 'కాంపెన్సేటింగ్' పద్ధతి, అంటే లోటు పూడ్చడం. ఇప్పటి బూరల్లో మూడు వాల్వులు కుడిచేతికి, నాలుగోది పక్కన ఎడమచేతికి ఉంటాయి. నాలుగోది నొక్కగానే గాలి మిగతా వాల్వుల్లోంచి రెండోసారి తిరిగి వెళ్తుంది. ఆ దారిలోని చిన్న గొట్టాలు తగ్గిన పొడవును వాటంతటవే కలిపేస్తాయి. వాయించేవాడు చేయాల్సిందల్లా నొక్కడమే!

అలాగని లోపాల్లేవనుకుంటే పొరబాటే. గొట్టాలు పెరగడంతో బరువు పెరిగింది. గాలి రెండు చుట్లు తిరగాలి కాబట్టి అడుగు స్వరాల్లో కాస్త బిగిసినట్టు ఉంటుందని కొందరంటారు.

ఊరి బూర... ఆర్కెస్ట్రా కుర్చీ

అమెరికా ఆర్కెస్ట్రాల్లో ఎక్కువగా సీ ట్యూబా వాడతారు. జర్మన్లది ఎఫ్, బీ-ఫ్లాట్ దారి. బ్రిటన్‌లో మాత్రం వృత్తి కళాకారుల్లో చాలామంది చేతిలో ఉండేది కాంపెన్సేటింగ్ ఈ-ఫ్లాటే. అటు అడుగు స్వరాలూ ఇటు పై స్వరాలూ ఒక్క బూరతోనే పలికించవచ్చు. ఇంకో కారణం ఈ గుట్టల ఊళ్ళలోనే ఉంది. చాలామంది పిల్లలకు తొలి పాఠం ఊరి బ్యాండు గదిలోనే. చేతికిచ్చేది బ్యాండు సొంత బూర. చిన్నప్పుడు అలవాటైన వేళ్ళు పెద్దయ్యాక మాత్రం ఎందుకు మారతాయి?

ఈ బూరకు పెద్ద పేరు తెచ్చినవాడు జాన్ ఫ్లెచర్. క్వీన్స్‌బరీకి దగ్గర్లోని లీడ్స్‌లో 1941లో పుట్టాడు. 1968 నుంచి 1987లో చనిపోయేదాకా లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో ట్యూబా ఆయనదే. 'స్టార్ వార్స్' సినిమాల సంగీతంలో ఆ ఆర్కెస్ట్రా వాయించినప్పుడు అడుగున మోగింది ఆయన ఊపిరే.

మిల్లు ఆగినా...

బ్లాక్ డైక్‌లో మగ్గాలు ఆగిపోయి దశాబ్దాలయింది. బ్యాండు మాత్రం ఆగలేదు. అదే యార్క్‌షైర్‌లో గ్రైమ్‌థార్ప్ బొగ్గుగని 1993లో మూతపడింది. గని మూసేస్తారన్న వార్త వచ్చిన కొద్ది రోజులకే, 1992 అక్టోబరులో, ఆ ఊరి బ్యాండు జాతీయ పోటీ గెలిచింది. ఈ కథ నీడలోనే 1996లో 'బ్రాస్డ్ ఆఫ్' సినిమా వచ్చింది. ఇలాంటి బ్యాండుల్లో చాలామందికి ఇది జీతం తెచ్చే పని కాదు. పగలు వేరే ఉద్యోగం, సాయంత్రం సాధన. ఆ సాయంత్రాలే లేకపోతే లండన్ ఆర్కెస్ట్రాలకు కొత్త ట్యూబా చేతులు దొరకడం కష్టమే.

ఈ సందడంతా చూడాలంటే విట్ ఫ్రైడే నాడు వెళ్ళాలి. మేలోనో జూన్‌లోనో వస్తుంది. యార్క్‌షైర్ అంచున శాడిల్‌వర్త్ పల్లెల్లో అర్ధరాత్రి దాకా బ్యాండుల పోటీ. బస్సు దిగడం, వీధిలో కవాతు, ఒక పాట, మళ్ళీ బస్సెక్కి పక్క ఊరు! న్యాయనిర్ణేత ఎవరినీ చూడకుండా తెరల చాటున కూర్చుని చెవులతోనే మార్కులేస్తాడు. క్వీన్స్‌బరీకి రైలు లేదు. బ్రాడ్‌ఫర్డ్‌లో దిగి హాలిఫాక్స్ వైపు బస్సెక్కాలి. మేళం వినిపిస్తే ఈసారి ముందు వరసను వదిలేసి, వెనక వరసకేసి చూడండి.