టెలిస్కోప్‌కి లైనక్స్ చాలు

సెలెస్ట్రాన్ నెక్స్‌స్టార్ లాంటి కంప్యూటర్ టెలిస్కోప్ కొన్నవాళ్లు చాలామంది "దీనికి విండోస్ ల్యాప్‌టాప్ ఉండాల్సిందేగా?" అంటుంటారు. అక్కర్లేదండీ. లైనక్స్‌లో టెలిస్కోప్‌తో మాట్లాడే ఇండి డ్రైవర్లు, వాటితో పాటు ఆకాశపటం చూపే కేస్టార్స్ వేసుకుంటే సరి. రెండూ ఉచితమే.

అసలు తమాషా అంతా కేబుల్ దగ్గరే. పాత హ్యాండ్ కంట్రోలర్ అడుగున ఉండే సాకెట్ అచ్చం ల్యాండ్‌లైన్ ఫోన్‌దిలా ఉంటుంది. అది సీరియల్ పోర్టు, వేగం 9600 బాడ్. (కొత్తవాటికి నేరుగా యూఎస్‌బీయే.) సీరియల్‌ని యూఎస్‌బీగా మార్చే కన్వర్టర్‌తో కలిపితే లైనక్స్‌లో సాధారణంగా టీటీవైయూఎస్‌బీ0 అని కనిపిస్తుంది. కనిపించి కూడా "పర్మిషన్ డినైడ్" అంటుంది! మన యూజర్ డయలౌట్ గ్రూపులో లేకపోతే అంతే. ఫోన్ మోడెమ్‌ల కాలం నాటి ఆ గ్రూపే ఉబుంటులో ఇప్పటికీ శనిగ్రహానికి దారి. అందులో చేరాక ఓసారి లాగౌట్ అయి మళ్లీ రావాలి.

నాకు బాగా నచ్చేది ఆ తర్వాత జరిగే సంభాషణ. కంప్యూటర్ క్యాపిటల్ 'ఈ' అనే ఒక్క అక్షరం పంపుతుంది. టెలిస్కోప్ తను ఎటు చూస్తోందో రెండు సంఖ్యల్లో చెబుతుంది. పూర్తి వలయాన్ని 65,536 ముక్కలు చేసి ఆ లెక్క. ఒక్కో ముక్క దాదాపు 20 ఆర్క్ సెకన్లు, అంటే చందమామ వెడల్పులో సుమారు తొంభయ్యో వంతు. అది చాలదనుకుంటే స్మాల్ 'ఈ' పంపితే ఇంకా సన్నగా చెబుతుంది.

ముందు హ్యాండ్ కంట్రోలర్‌తో అలైన్‌మెంట్ మాత్రం తప్పదు. లేదంటే గురుగ్రహం మీద క్లిక్ చేసినా పక్కింటి వాటర్ ట్యాంకు చూపించగలదు.