వెల్డింగ్ ఆగాక అరగంట

పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఎటు చూసినా షెడ్లు, అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. సంతోషమే. నా భయమల్లా వెల్డింగ్ రవ్వల గురించే. ఒక్క రవ్వ 35 అడుగుల దూరం కూడా పోగలదు. కింద సెంట్రింగ్ చెక్కలు, ఖాళీ సంచులు, థిన్నర్ డబ్బాలు! చెక్కపొట్టులో పడితే లోలోపల రాజుకుని, అందరూ అన్నానికి పోయాక మండుతుంది. అందుకే పని ఆగాక కనీసం అరగంట ఒక మనిషి అక్కడే కాపలా ఉండాలి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ కొత్త సచివాలయంలో ప్రారంభానికి ముందే మంటలు లేచాయి. అంత పెద్ద కట్టడానికే తప్పలేదు.

మేస్త్రీలూ, ఓనర్లూ, ఆ అరగంటకూ కూలీ ఇవ్వండి. ఇసుక బకెట్లు, నీళ్ల డ్రమ్ము దగ్గర పెట్టండి. సైట్లోనే పడుకునే కూలీల వంటపొయ్యి థిన్నర్ గదికి దూరంగా ఉండనివ్వండి. ఫైర్ స్టేషన్ నంబరు 101 గోడమీద పెద్దగా రాయించండి.